సైకాలజిస్టు దగ్గరకు వెళ్లే ముందు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

స్టవ్వు కట్టేసి, రెగ్యులేటరు కూడా ఆపి, లిఫ్టు దాకా వెళ్లిన తరవాత మళ్లీ తాళం తీసి వంటింట్లోకి వచ్చి చూడటం, అలా చూసి చూసి ఆఫీసుకు ఆలస్యంగా చేరడం నెలల తరబడి సాగుతోందని రాశావు. ఇవి ఓసీడీలో, అంటే అక్కర్లేని అనుమానాలు పదేపదే వచ్చి చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయించే మానసిక రుగ్మతలో, కనిపించే లక్షణాలే. అయితే జబ్బు ఫలానా అని తేల్చవలసింది నేను కాదు, నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పరీక్షించేవారు. మనోవైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని కనుక, ఎవరి దగ్గరకు వెళ్లాలో, వెళ్లి ఏమి అడగాలో మాత్రం చెప్పగలను.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తరవాత మనోవైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు. వారిని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వారికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడుగు. ఆ నంబరు అడిగినందుకే చిన్నబుచ్చుకునేవారి దగ్గరకు వెళ్లనక్కర్లేదు. బోర్డు మీద కౌన్సెలర్ అనో లైఫ్ కోచ్ అనో ఉన్నంత మాత్రాన ఆ చదువు ఉన్నట్టు కాదు.

నేను నొక్కి చెప్పదలచింది థెరపీ పద్ధతి గురించి. చిన్ననాటి అనుభవాల లోతుల్లోకి వెళ్లే సైకోడైనమిక్ పద్ధతి వంటివి ఇతర బాధలకు పనికిరావచ్చు గానీ, ఓసీడీకి మొదట అడగవలసింది సీబీటీలో, అంటే ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే థెరపీలో, భాగమైన ఈఆర్‌పీ. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అన్నమాట, భయపెట్టేదాన్ని ఎదుర్కొంటూనే మళ్లీ వెళ్లి చూడటం మానే సాధన. లండన్‌లో పనిచేసిన విక్టర్ మేయర్ 1966లో దీని తొలి రూపాన్ని ప్రకటించారు. నిన్ను భయపెట్టే పనులను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాయించి, మొదట స్టవ్వును ఒక్కసారే చూసి బయటికి రావడం, ఆ తరవాత తాళం లాగి చూడకుండా లిఫ్టు ఎక్కడం, ఇలా ఒక్కొక్కటే సాధన చేయిస్తారు. గుండె దడదడలాడుతున్నా వెనక్కి వెళ్లకుండా ఉంటే ఆ దడను భరించగలనన్న సంగతి నీకే అనుభవంలోకి వస్తుంది. కనుక మొదటి వారాల్లో సెషన్ అయ్యాక మనసు తేలికపడలేదని దిగులుపడకు. ప్రతిసారీ “ఏమీ కాదులేమ్మా” అని ఊరడించి పంపేవారు మంచివారే కావచ్చు, కానీ నీకు కావలసిన చికిత్స అది కాదు.

“నేను చూశాను, కట్టేసే ఉంది” అని అల్లుడు రోజూ ఫోన్లో చెబుతున్నాడని రాశావు. ప్రేమకొద్దీ చెబుతున్నాడు గానీ, ఆ జవాబు కోసం ఫోన్ చేయడమూ మరొకసారి వెళ్లి చూడటం లాంటిదే. స్టవ్వును ఫోటో తీసి పెట్టుకోవడమూ అంతే. అతణ్ణి ఒక సెషన్‌కు వెంటబెట్టుకుని వెళ్లు, ఆ మాట ఎలా మానాలో వారే నేర్పుతారు.

ఫీజు ఎంతో, రాలేకపోతే ఎంత ముందు చెప్పాలో, తెలుగులో మాట్లాడతారో లేదో ఫోన్లోనే కనుక్కో. సాధారణంగా వారానికొక సెషన్, ముప్పావు గంట నుంచి గంట దాకా ఉంటుంది. పన్నెండు నుంచి ఇరవై సెషన్లకు సిద్ధపడు. మొదటిసారి దాదాపు అంతా ప్రశ్నలతోనే గడుస్తుంది కనుక, ఎప్పుడు మొదలైందో, రోజుకు ఎంత సమయం పోతోందో, ఏ మందులు వాడుతున్నావో కాగితం మీద రాసుకుని వెళ్లు. సైకియాట్రిస్టు మందు రాస్తే, ఓసీడీలో దాని ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. మధ్యలో నీ అంతట నువ్వు ఆపకు. ఆఫీసుకు తెలుస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. ప్రాణాపాయం వంటి కొద్ది సందర్భాల్లో తప్ప నీ వివరాలు బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఖర్చు భారమనిపిస్తే హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. సినిమాల్లో వెటకారం చేసినంత మాత్రాన అది వెళ్లరాని చోటు కాదు. ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిపెట్టుకో.

నాలుగైదు సెషన్లయినా ఆ భయాల జాబితా రాయించకపోతే, ఈఆర్‌పీ ఎప్పుడు మొదలుపెడతారని నేరుగా అడుగు. సరైన సమాధానం రాకపోతే మొహమాటపడకుండా నీ రికార్డుల నకలు తీసుకుని మరొకరి దగ్గరకు వెళ్లు.

ఇట్లు,
నీ పెద్దమ్మ