శాంటోరిని నుంచి ఓడలో వచ్చి అదే రాత్రి విమానం ఎక్కవచ్చా?

జులై నెలాఖరులో అమ్మానాన్నలతో గ్రీసు ద్వీపాలైన నక్సోస్, శాంటోరిని చూసి, ఆఖరి రోజు ఉదయం శాంటోరినిలో స్పీడ్ బోటు (వేగంగా పోయే ఫెర్రీ) ఎక్కి, మధ్యాహ్నానికి ఏథెన్స్ రేవు పిరేయస్ చేరి, ఆ రాత్రే ఏథెన్స్‌లో హైదరాబాద్ విమానం అందుకోవచ్చా అని అడిగారు. టైంటేబుల్ చూస్తే కుదురుతుంది. నేనైతే ఆ పని చేయను.

కారణం గాలి. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. మబ్బు తునక కూడా కనిపించదు, ఎండ కాస్తూనే ఉంటుంది, అయినా ఓడలు ఆగిపోతాయి. గాలి, దాని జోరును కొలిచే బోఫోర్ట్ కొలమానంలో 8, 9 దాకా పోతే పెద్ద ఓడలనూ రేవు దాటనివ్వరు. స్పీడ్ బోట్లు అంతకు ముందే ఆగుతాయి. అది ఓడ కంపెనీ ఇష్టం కాదు, రేవు అధికారుల ఆజ్ఞ. కాబట్టి వాదించి లాభం లేదు.

మేము నక్సోస్‌లో ఉండగా ఒక ఉదయం ఇదే జరిగింది. రేవు ఎదుట టికెట్ల దుకాణం అద్దానికి చేత్తో రాసిన కాగితం అంటించారు: స్పీడ్ బోటు రద్దు. మా ముందున్న జంటకు ఆ రాత్రే విమానం. డబ్బు వెనక్కి ఇస్తాను, లేదంటే వేరే ఓడకు మారుస్తాను అని లోపలి ఆవిడ ఓపికగా చెప్పింది. అంతకు మించి ఆవిడ మాత్రం ఏం చేయగలదు? పెద్ద ఓడ ఆలస్యంగానైనా వచ్చింది, మేము అందులోనే వెళ్ళాం.

అందుకని మీ వరస తిప్పండి. ముందు దూరంగా ఉన్న శాంటోరినికి వెళ్ళండి. తిరుగు దారిలో నక్సోస్‌లో ఆగండి. అక్కడి నుంచి పిరేయస్‌కు పెద్ద ఓడలో సుమారు ఐదున్నర గంటలు. ఆఖరి రాత్రి ఏథెన్స్‌లోనే పడుకోండి. పిరేయస్ నుంచి విమానాశ్రయానికి మెట్రో 3వ లైను నేరుగా వెళ్తుంది, సుమారు గంట ప్రయాణం.

పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి స్పీడ్ బోటు మోజు మానుకోండి. పిరేయస్ నుంచి శాంటోరినికి అది సుమారు ఐదు గంటల్లో చేరుస్తుంది, పెద్ద ఓడకు ఎనిమిది గంటల దాకా పడుతుంది, నిజమే. కానీ స్పీడ్ బోట్లలో చాలావాటిలో మూసిన అద్దాల వెనక సీట్లోనే కూర్చోవాలి. అల ఎగిరితే వాంతుల సంచులు చేతులు మారుతుంటాయి. పెద్ద ఓడలో పై డెక్కు మీద గాలి తగులుతుంది, అటూ ఇటూ నడవవచ్చు, టికెట్టు కూడా చవక. కడుపులో తిప్పేవాళ్ళను ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో కూర్చోబెట్టండి. పారోస్ ద్వీపం దాటాక నక్సోస్ రేవు దగ్గర సముద్రం ఒడ్డున ఒంటరిగా నిలబడిన పాలరాతి ద్వారం కనిపిస్తుంది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో మొదలుపెట్టి వదిలేసిన గుడిది అది. డెక్కు మీద ఉంటేనే దాన్ని చక్కగా చూడగలరు.

దిగేటప్పుడు హడావిడి మామూలుగా ఉండదు. మీ ద్వీపం పేరు మైకులో వినిపించగానే మెట్లు దిగి, లారీలు, కార్లు నిలిపే కింది అంతస్తుకు వెళ్ళండి. సామాను అరల మీద ద్వీపాల పేర్లు రాసి ఉంటాయి, ఎక్కేటప్పుడే పెట్టెలను సరైన అరలో పెట్టాలి. డీజిల్ వాసన, ఇంజిన్ల రొద, గొలుసుల చప్పుడు. వెనక ఇనుప తలుపు రేవు మీద వాలుతుండగానే జనం కదులుతారు. ఓడ ఆగేది కాసేపే. నాన్నగారి చేయి మీరు పట్టుకోండి, పెట్టెల సంగతి ఇంకొకరు చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పులుంటే లిఫ్టు ఎక్కడుందో ఎక్కగానే అడిగి పెట్టుకోండి.

పిరేయస్ చాలా పెద్ద రేవు. గేట్లు ఒకదానికొకటి దూరం, కొన్ని కిలోమీటర్ల అవతల కూడా ఉంటాయి. నక్సోస్, శాంటోరిని ఓడలు సాధారణంగా మెట్రో స్టేషనుకు ఎదురుగా ఉండే ఈ-6, ఈ-7 గేట్ల వైపు ఆగుతాయి. అయినా ముందు రోజు ఓడ కంపెనీ పంపే మెసేజీలో గేటు నంబరు సరిచూసుకోండి. శాకాహారులైతే పాలకూర పెట్టిన స్పనకోపిటా, నువ్వులద్దిన గుండ్రటి రొట్టె కొని సంచిలో వేసుకోండి. ఓడ క్యాంటీన్‌లో ధరలు ఎక్కువ, రుచి అంతంత మాత్రం.

మీ ప్రయాణం ఆగస్టుకు జరిగితే 15వ తేదీకి అటూ ఇటూ టికెట్లు దొరకడం కష్టం. ఆ రోజు మేరీమాత పండుగకు జనం టీనోస్ ద్వీపానికి తరలిపోతారు. రేవు నుంచి కొండమీది చర్చి దాకా మోకాళ్ళ మీద వెళ్ళే భక్తులను చూస్తే మన తిరుమల మోకాళ్ళ పర్వతం తలపుకు వస్తుంది.

ఇంకొకటి. కోస్ ద్వీపం నుంచి టర్కీలోని బోద్రుమ్ దగ్గరే కదా, ఒక పూట చూసి వద్దామని ఎవరైనా అంటే ముందు వీసా తీసి చూడండి. టర్కీ షెంగెన్‌లో (గ్రీసు సహా యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో) లేదు. మీది ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా అయితే తిరిగి గ్రీసులోకి రానివ్వరు.