సాధన పెరిగేకొద్దీ నా బొమ్మలు నాకే నచ్చడం లేదు, నేను వెనకబడుతున్నానా?

లేదు, చాలా సందర్భాల్లో అది చేయి వెనకబడటం కాదు, చూపు చేతికంటే ముందుకు వెళ్లడం. కొలతల్లోనూ వెలుగునీడల్లోనూ ఉన్న తప్పును పట్టుకోవడం కన్ను త్వరగా నేర్చుకుంటుంది. దాన్ని గీతలో సరిదిద్దడానికి మాత్రం చేతికి ఎంతో అభ్యాసం కావాలి కనుక, నిన్నటిదాకా బాగుందనిపించిన బొమ్మలోనే ఈరోజు లోపాలు కనబడతాయి. ఈ దశ నిజంగానే బాధిస్తుంది. ఎందరో సాధన మానేసేది కూడా ఇక్కడే.

ఉదాహరణకు, నెదర్లాండ్స్‌కు చెందిన విన్సెంట్ వాన్ గో 1880లో, 27 ఏళ్ల వయసులో, చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నాడు. 1885లో ‘ది పొటాటో ఈటర్స్’ చిత్రం కోసం రైతుల ముఖాలను, చేతులను పదులకొద్దీ గీసి సాధన చేశాడు. అయినా అందులోని మనుషుల ఆకృతులను చిత్రకారుడైన మిత్రుడే తీవ్రంగా తప్పుపట్టాడు. ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో వేసిన పేరుపొందిన పొద్దుతిరుగుడు పూల చిత్రాలు 1888–89 నాటివి, అంటే ఆ నిశ్చయానికి ఎనిమిది, తొమ్మిదేళ్ల తరువాతివి.

సందేహం కలిగిందంటే ప్రతిభ లేనట్టేనన్నది చాలామందిలో ఉన్న అపోహ. సందేహం ప్రతిభను కొలవదు, బొమ్మకూ ఆశించిన స్థాయికీ మధ్య దూరాన్ని మాత్రమే చూపుతుంది. ప్రగతిని ఇతరుల పూర్తయిన చిత్రాలతో కాక, తేదీ వేసి దాచుకున్న సొంత బొమ్మలతో పోల్చాలి, అదీ వారం తేడాతో కాదు, ఏడాది తేడాతో.