నొగ మీద బరువెంత?

గుంటూరు వచ్చి పది రోజులైంది. నిన్న సాయంత్రం పక్కింటి పిన్ని అరుగు మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ అడిగింది. "మావాడు వేసవికి మమ్మల్ని రమ్మంటున్నాడు నాయనా. బండి వెనక ఇల్లులాంటిది తగిలించుకుని ఊళ్లు తిప్పుతాడట. ప్రమాదం కాదా?" వాళ్లబ్బాయి టెక్సస్ వెళ్లి ఏడాదిన్నర. నేను అక్కడ ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను, పదకొండేళ్లుగా ట్రావెల్ ట్రైలర్ లాగుతున్నాను. రాత్రి ఫోన్ చేశాను. "అన్నయ్యా, ఎంత స్పీడులో వెళ్లొచ్చు?" అన్నాడు. "ముందు సామాను ఎక్కడ పెడతావో చెప్పు" అన్నాను.

అతనితో చెప్పినవే, అతనిలా కొత్తగా వెళ్లినవాళ్ల కోసం రాస్తున్నాను.

ఎడ్లబండికి బస్తాలు ఎత్తడం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. బరువంతా వెనక వేస్తే నొగ, అంటే కాడి కట్టే ముందు కొయ్య, పైకి లేస్తుంది. అంతా ముందు వేస్తే కాడి ఎద్దుల మెడలు నొక్కేస్తుంది. అందుకే ఇరుసుకు అటూ ఇటూ సర్ది, కాస్త ముందుకే తూగేలా కడతారు. ట్రైలర్‌కూ అంతే. ట్రైలర్‌ను తగిలించడానికి బండి వెనక ఉండే అమరిక హిచ్, దాని మీది ఇనప గుండు హిచ్ బాల్. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఈ బాల్ మీద పడాలి. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. సామానుతో కలిపి ట్రైలర్ 6,000 పౌండ్లుంటే బాల్ మీద 600 నుంచి 900 పౌండ్లు ఉండాలి. అంతకన్నా తగ్గితే వెనకభాగం ఊగడం మొదలవుతుంది.

మొదటి ఏడాది నేను ఈ తప్పే చేశాను. బియ్యం బస్తా, నీళ్ల కేసులు, గ్రిల్లు అన్నీ వెనక మంచం కింద తోసేశాను. హైవే మీద పల్లం దిగుతుంటే పెద్ద లారీ దాటింది. మన కనకదుర్గ వారధి మీద లారీ పక్కనుంచి పోతే స్కూటర్‌ను గాలి ఎలా తోస్తుందో అలాంటి తోపు. ఎడమ అద్దంలో ట్రైలర్ మూల కనిపించింది, వెంటనే కుడి అద్దంలో, మళ్లీ ఎడమలో. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా. భయపడి బ్రేక్ తొక్కాను, ఊపు ఇంకా పెరిగింది. ఎదురు స్టీరింగ్ తిప్పినా అంతే అవుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసేసి, బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను నడిపే, డ్రైవర్ దగ్గరుండే పరికరం) మీదున్న మీటను చేత్తో నొక్కాలి. అప్పుడు ట్రైలర్ చక్రాలకే బ్రేక్ పడి, వెనక నుంచి పట్టి లాగినట్టు బండి సర్దుకుంటుంది. ఆ రోజు నా వేళ్లకు ఆ మీట దొరకడానికి పట్టిన రెండు మూడు సెకన్లు ఇప్పటికీ మరిచిపోలేదు. బయల్దేరే ముందే ఖాళీ స్థలంలో 20 మైళ్ల వేగంలో దాన్ని నొక్కి చూడండి, ఆ లాగుడు ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఈ ఊపును తగ్గించే యాంటీ-స్వే హిచ్ కొంటే చాలని దుకాణాల్లో చెబుతారు. మంచిదే, కొనండి. కానీ సామాను తప్పుగా సర్దితే దాన్ని ఏ హిచ్చూ సరిచేయదు.

మన మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) కాటా వేయకుండా బేరం తెగదు. అక్కడ ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే కాటా ఉంటుంది. ముందు బండి ఒక్కటే తూచండి. తర్వాత ట్రైలర్ తగిలించి, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ కడ్డీలు (హిచ్ మీది బరువును మిగతా ఇరుసులకు పంచేవి) బిగించకుండా తూచండి. బండి ఇరుసుల మీద పెరిగిన బరువే టంగ్ వెయిట్. డ్రైవర్ తలుపు తీస్తే చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత మోయవచ్చో దాని మీద రాసి ఉంటుంది. ప్రకటనల్లో కనిపించే లాగుడు సామర్థ్యం కన్నా నేను ఈ అంకెనే నమ్ముతాను. అది 1,500 పౌండ్లు అనుకుందాం. టంగ్ వెయిట్ 750, హిచ్ 100, నలుగురు మనుషులు 600 కలిపితే 1,450. ఇంకా సూట్‌కేసులు ఎక్కనే లేదు! నీళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి, గాలన్‌కు 8.3 పౌండ్లు. 40 గాలన్ల ట్యాంకు నిండితే 330 పైనే.

తగిలించాక కప్లర్ (బాల్‌ను పట్టుకునే ట్రైలర్ ముందు కొస) గొళ్లెం పడిందని కంటితో చూసి వదిలేయకండి. ట్రైలర్ ముందుభాగంలో ఉన్న జాకీని తిప్పి ఎత్తండి. బండి వెనకభాగం కూడా దాంతోపాటు లేస్తేనే పట్టినట్టు. ట్రైలర్‌ను బండికి కలిపే భద్రతా గొలుసులు రెండూ కప్లర్ కింద ఒకదాని మీదుగా ఒకటి రావాలి. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసే బ్రేక్‌అవే తీగను ఆ గొలుసులకు కట్టొద్దు, విడిగా బండికే కట్టండి. చక్రాల నట్లు మొదటి 50 మైళ్ల తర్వాత మళ్లీ బిగించండి.

ఇక స్పీడు. చాలా ట్రైలర్ టైర్లు 65 మైళ్లకే తయారైనవి, టైరు మీద చూసుకోండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి పరిమితి 55. నేనైతే ఎక్కడా 60 దాటను. అద్దె కారుతో లాగుదామనుకుంటే మాత్రం మానుకోండి, చాలా ఒప్పందాల్లో అది నిషేధం.

పొద్దున పిన్ని ఆవకాయ, గోంగూర జాడీలు ఎన్ని కట్టాలో లెక్కవేస్తోంది. అవి ఇరుసుకు కొంచెం ముందు, కింది అరలో పెట్టమని వాళ్లబ్బాయికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.