నల్లది ఏది, నాలి ఏది? పసిపిల్లల రంగుల జతలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశా వైపు నుంచి, అంటే గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్ళ నుంచి వచ్చినవే. అన్నింటిలోనూ పసిపిల్లలు, రంగులు అనే ఒకే విషయం ఉన్నందువల్ల నాలుగింటికి ఒకేచోట జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు మాట్లాడతాము, మా పాప వెళ్ళే అంగన్‌వాడీలో ఒడియా మాట్లాడతారు. పాపకు మూడున్నర ఏళ్ళు. నల్ల రిబ్బను తెమ్మంటే ఎర్ర రిబ్బను తెస్తుంది. పచ్చది తెమ్మంటే ఒకరోజు పసుపుది, ఒకరోజు ఆకు రంగుది తెస్తుంది. తనకు రంగులు తెలియడం లేదేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, పాప కన్నులో లోపాన్ని వెతికే ముందు మన మాటల్లో ఉన్న చిక్కును వెతకాలి. ఒడియాలో ఎరుపును ‘నాలి’ అంటారు, నలుపును ‘కళా’ అంటారు. పొద్దున్న టీచరమ్మ ‘నాలి’ అని ఎర్ర బంతిని చూపిస్తే, సాయంత్రం మీరు ‘నల్లది’ అని అడుగుతున్నారు. మూడేళ్ళ చెవికి ఈ రెండు మాటలూ ఇంచుమించు ఒకే మాటగా వినబడతాయి కనుక ఎర్ర రిబ్బను తెచ్చిన పాప నిజానికి తనకు తెలిసిన పాఠాన్నే మీకు ఒప్పజెప్పింది. ఇక ‘పచ్చ’ సంగతికి వస్తే, అది పూర్తిగా మన తెలుగువాళ్ళ తప్పే. పచ్చకామెర్లలోని పచ్చ వేరు, పచ్చగడ్డిలోని పచ్చ వేరు అని పెద్దలమైన మనకు సందర్భాన్ని బట్టి తెలుస్తుంది గాని పాపకు ఎలా తెలుస్తుంది? కొన్నాళ్ళపాటు ‘పచ్చ’ అనే మాటను ఒంటరిగా వాడడం మానేసి, పసుపు, ఆకుపచ్చ అని విడదీసి చెప్పండి.

పిల్లలు రంగుల తేడాను నాలుగైదు నెలల వయసు నుంచే చూడగలరు. ఆ రంగుల పేర్లను తడబడకుండా చెప్పడం మాత్రం సాధారణంగా మూడు, నాలుగేళ్ళకు గాని రాదు. అందువల్ల పేరు అడగకుండా జత కలపమనడమే సరైన పరీక్ష, సరైన పాఠం కూడా. దర్జీ దుకాణంలో పారేసే గుడ్డ ముక్కలు తెచ్చి, ఎరుపు, పసుపు, నీలం ముక్కలను అరచేయంత అట్టలకు అంటించండి. బట్టలు ఆరేసే ప్లాస్టిక్ క్లిప్పులలో ఆ మూడు రంగులవి ఏరి ఒక గిన్నెలో పోయండి. ఒక ఎర్ర క్లిప్పును ఎర్ర గుడ్డ అంచుకు తగిలించి చూపించి, ఇక మాట్లాడకుండా గిన్నెను పాప ముందుకు జరపండి. క్లిప్పును నొక్కి తెరవడం వల్ల రేపు పలక మీద అక్షరాలు దిద్దవలసిన వేళ్ళకు బలం కూడా వస్తుంది. పాప మూడు రంగులనూ తప్పు లేకుండా తగిలించగలిగితే ఆ మూడింటి తేడా తనకు కనబడుతున్నట్టే.

పేర్లు ఆ తర్వాత మూడు మెట్లలో నేర్పాలి. మొదట రెండే రంగులు ముందుంచి ‘ఇది ఎరుపు, ఇది నీలం’ అని చెప్పాలి. రెండవ మెట్టులో ‘ఎరుపు ఏది?’ అని అడిగి వేలితో చూపించనివ్వాలి. ఆ మెట్టు గట్టిపడ్డాకనే ‘ఇది ఏ రంగు?’ అని అడగాలి. మనవాళ్ళు చాలామంది మొదటి రెండు మెట్లను దాటేసి చుట్టాల ముందు మూడవ మెట్టు మీదికి పిల్లను ఎక్కిస్తారు. పిల్ల తడబడితే నొచ్చుకుంటారు. మీరు తెలుగు పేర్లే చెప్పండి, టీచరమ్మను ఒడియా పేర్లే చెప్పనివ్వండి. ఏ మనిషి దగ్గర ఏ మాట అన్నది పిల్లలు త్వరగానే పోల్చుకుంటారు.

ప్రశ్న: నేను గుణుపురం దగ్గర అంగన్‌వాడీ కార్యకర్తను. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు ఇరవై మంది వస్తారు. బొమ్మలు కొనే వీలు లేదు. గురివింద గింజలు, చింతపిక్కలు, పూసలు పోగుచేసి రంగులు వేరు చేయించవచ్చా?

జవాబు: గురివింద గింజలను ఈరోజే కేంద్రం నుంచి తీసివేయండి. ఎరుపు, నలుపు కలిసి అద్దినట్టు మెరిసే ఆ గింజ పిల్లలను ఇట్టే ఆకర్షిస్తుంది. కంసాలి త్రాసులో తిరిగిన గింజే కదా అని మనకు దాని మీద చనువు ఎక్కువ. దాని లోపలి పప్పులో ఆబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. కొరికి నమిలినా, దండ గుచ్చడానికి రంధ్రం చేసినా ఆ విషం బయటపడుతుంది. పూసలూ చింతపిక్కలూ విషం కావు గాని, ముక్కులోకీ గొంతులోకీ పోయే పరిమాణంలో ఉంటాయి. ఇరవై మంది మీద ఒక్కరి కన్ను నిలవదు కనుక మీ కేంద్రంలో వాటినీ వద్దంటాను.

మీ ప్రాంతంలోనే ఇంతకంటే మంచి నమూనా ఉంది. ఒడిశాలో పాతకాలం నుంచి ఆడే గుండ్రని గంజపా పేక ముక్కలను మీరు చూసే ఉంటారు. ఎనిమిది రంగుల ఆటలో రంగుకు పన్నెండు చొప్పున తొంభై ఆరు ముక్కలు ఉంటాయి. పాత గుడ్డను చింతపిక్కల జిగురుతో పొరలు పొరలుగా అంటించి, సుద్ద పూసి, నున్నగా చేసి ఆ ముక్కలను తయారు చేస్తారు. మీ పిక్కలు ఇక్కడ పనికి వస్తాయి. వాటిని వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద చిక్కబడే వరకు ఉడికిస్తే మంచి జిగురు అవుతుంది. అది రెండు రోజులకు మించి నిలవ ఉండదు కనుక కొంచెం కొంచెంగానే చేసుకోండి.

పాత పెళ్ళి పత్రికల మీద టీ గ్లాసు అంచు కంటే పెద్దగా, మూడంగుళాల వెడల్పున గుండ్రాలు గీసి కత్తిరించండి. ఒక్కో గుండ్రానికి రెండు వైపులా ఒకే రంగు కాగితాన్ని గాని గుడ్డను గాని పిల్లల చేతనే అంటింపజేయండి. జిగురు వేళ్ళకు అంటినా, కాగితం వంకరగా పడినా దిద్దకండి. అన్ని ముక్కలూ ఒకే ఆకారంలో, ఒకే పరిమాణంలో ఉండాలన్నది మాత్రం పట్టుదలగా పాటించండి. ఎర్రవి గుండ్రంగా, నీలివి చదరంగా ఉంటే పిల్లలు ఆకారాన్ని చూసి వేరు చేస్తారు, రంగును చూడరు. 1939లో మద్రాసుకు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి తన రంగు పలకలను ఈ సూత్రం మీదే చేయించింది. ఆమె మొదటి పెట్టెలో ఎరుపు, పసుపు, నీలం జతలు మూడే ఉంటాయి. రెండవ పెట్టెలో పదకొండు జతలు ఉంటాయి. మూడవదానిలో తొమ్మిది రంగులు, ఒక్కొక్కటి ఏడు ఛాయలలో ఉంటాయి. మీరూ మూడేళ్ళ వారికి మూడు రంగులకు మించి ఇవ్వకండి. అయిదేళ్ళ వారికి ఎనిమిది రంగుల కట్టను కలిపి పోసి, నలుగురిని చుట్టూ కూర్చోబెట్టి, ఎవరి రంగును వారు ఏరుకునే ఆటగా ఆడించవచ్చు.

ప్రశ్న: మేము జయపురంలో ఉంటున్నాము. మా బాబుకు నాలుగున్నర ఏళ్ళు. రంగులన్నీ గుర్తుపడతాడు. ముదురు, లేత అనే తేడా నేర్పాలంటే ఏం చేయించాలి? ఫోనులో రంగుల ఆటలు ఉన్నాయి గదా, అవి చాలవా?

జవాబు: ఫోను తెర మీద లేత పసుపును వేలితో తాకినా, ముదురు నీలాన్ని తాకినా తగిలేది అదే గాజు. లేత పసుపు ముదురు పసుపుగా ఎలా మారుతుందో బాబు తన చేతులతో చేసి చూడాలి. నాలుగు గ్లాసులలో సమానంగా నీళ్ళు పోసి, మొదటి దానిలో చిటికెడు పసుపు, తర్వాతి వాటిలో రెండు, నాలుగు, ఎనిమిది చిటికెలు బాబు చేతనే వేయించండి. తెల్ల కాగితం ముక్కలను ఒక్కో గ్లాసులో ముంచి దండెం మీద ఆరవేయండి. ఆరిన తర్వాత వాటిని కలగలిపి, లేతదాని నుంచి ముదురుదాని వరకు వరుసగా పెట్టమనండి. మధ్యలోని రెండింటి దగ్గర తప్పక ఆగుతాడు. అక్కడ తొందరపెట్టకండి.

ఆ పసుపు కాగితం మీద వంట సోడా కలిపిన నీళ్ళలో ముంచిన దూది పుల్లతో గీతలు గీయిస్తే అవి ఎర్రగా తేలుతాయి. పేరంటానికి పారాణి కలపడం చూసినవారికి ఇది కొత్త కాదు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పారాణిలో వాడే సున్నం మాత్రం పిల్లల కళ్ళకు ప్రమాదం కనుక ఇక్కడ వంట సోడాయే వాడండి. శంఖపుష్పం నీలి పూలను వేడి నీళ్ళలో వేసి చల్లార్చి, ఆ నీటిలో నిమ్మరసం పిండితే ఊదా రంగు వస్తుంది. పసుపు, సోడా ఎరుపు, నీలం, ఊదా: ఇక్కడికే నాలుగు రంగుల కాగితాలు ఇంట్లో తయారయ్యాయి.

ప్రశ్న: మాది బరంపురం. మా అమ్మాయి కొడుకుకు అయిదేళ్ళు. బొమ్మలో చెట్టు ఆకులకు గోధుమ రంగు వేస్తాడు. పట్టు దారపు ముక్కలు వేరు చేయమంటే గులాబీ రంగువి, బూడిద రంగువి ఒకే కుప్పలో పెట్టాడు. బడిలో శ్రద్ధ లేదంటున్నారు. నాకు కూడా చెట్టు మీద పండిన మిరపకాయలు ఆకుల మధ్య చప్పున కనబడవు.

జవాబు: అయ్యా, మీ చివరి వాక్యంలోనే జవాబులో సగం ఉంది. ఎరుపు, ఆకుపచ్చలను పోల్చుకోలేని లోపం ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తుంది. మీకు ఆ లోపం ఉంటే దానికి కారణమైన జన్యువు మీ అమ్మాయికి చేరి ఉంటుంది. ఆమె చూపు బాగానే ఉన్నా, ఆమెకు పుట్టిన ప్రతి మగపిల్లవాడికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. మీ కొడుకుల పిల్లలకు మాత్రం మీ నుంచి రాదు.

దారాలతో చేసిన ఆ పనికి ఒక చరిత్ర ఉంది. 1875లో స్వీడన్‌లోని లాగర్లుండా దగ్గర జరిగిన రైలు ప్రమాదం తర్వాత, హోల్మ్‌గ్రెన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త రైల్వే ఉద్యోగుల రంగుల చూపును ఊలు చిలపలతోనే, అంటే ఊలు దారపు కట్టలతోనే, పరీక్షించాడు. రంగు పేరు చెప్పమనకుండా, ఒక చిలపను ఇచ్చి దానికి దగ్గరగా ఉన్నవాటిని కుప్ప నుంచి ఏరమనేవాడు. పేర్లను బట్టీ పట్టినవాడు కూడా అక్కడ దొరికిపోతాడు. మీ మనవడి కుప్పను చూసి మీరు అనుమానపడడం న్యాయమే గాని, ఇంటి పరీక్షతో తేల్చేయకండి. కంటి వైద్యుల దగ్గర, రంగు చుక్కల మధ్య అంకెలను దాచిన 1917 నాటి ఇషిహారా పటాలు ఉంటాయి. అంకెలు చదవలేని పిల్లలు వేలితో గీత వెంట వెళ్ళే పటాలు కూడా వాటిలో ఉన్నాయి. పనిలో పనిగా మీరూ చూపించుకోండి.

ఈలోగా అతని ప్రతి క్రేయాన్ మీద ఆ రంగుకు తగిన చిన్న బొమ్మను, ఆకుపచ్చకు ఆకును, గోధుమకు కొబ్బరికాయను, గీసిన చీటీ అంటించండి. రంగులు వేరు చేసే పని ఇచ్చినప్పుడు నీలం, పసుపు, తెలుపు, నలుపు ఉండేలా చూసుకోండి. వైద్యుడు రాసిచ్చిన కాగితాన్ని తరగతి టీచరుకు మీరే స్వయంగా అందజేసి, మనవడి రంగుల పెట్టెను కూడా తీసి చూపించండి.