అలిగి ఇంట్లో కూర్చుంటానన్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఈ 2026 నవంబరులో జరిగే అమెరికా ఎన్నికల్లో ఓటు వేయడానికి వెళ్లనని నువ్వు పంపిన సందేశం చదివాను. ఫోను చేద్దామనుకున్నాను గానీ, ఈ విషయం ఎత్తితే ఇద్దరి గొంతులూ లేస్తాయి, మధ్యలో మీ అమ్మ నలిగిపోతుంది. ఉత్తరమైతే కనీసం అడ్డుపడకుండా చివరిదాకా చదువుతావు.

నీ కోపంతో నాకు పేచీ లేదు. నీ ఫిర్యాదుల చిట్టాకు నేనే మరో నాలుగు చేర్చగలను. ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్‌ను రద్దు చేస్తామంటే మన రిపబ్లికన్ పార్టీకి 2010లో ప్రతినిధుల సభ ఇచ్చాం, 2014లో సెనేట్ ఇచ్చాం, 2016లో వైట్‌హౌస్ కూడా ఇచ్చాం. తీరా 2017 జులైలో సెనేట్‌లో ఓటింగుకు వస్తే 49–51తో వీగిపోయింది. వ్యతిరేకించిన వాళ్లలో ముగ్గురు మన పార్టీవాళ్లే. ప్రభుత్వ ఖర్చు తగ్గిస్తామన్న మాట నేను పౌరసత్వం తీసుకున్న నాటి నుంచీ వింటున్నాను. 2025లో దేశం అప్పు 38 ట్రిలియన్ డాలర్లు దాటింది, అందులో రెండు పార్టీల వాటా ఉంది. కానీ నిన్ను నిజంగా మండించింది ఇవేవీ కావు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టడం, ఆ తర్వాత మనవాళ్లమని చెప్పుకునే కొందరు భారతీయుల గురించి బహిరంగంగా కూసిన కూతలు. అదే వీసా మీద వచ్చి, ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు కోసం కాచుకుని, చివరికి ఈ దేశ పౌరుడివై, మొదటి ఓటు ఆ పార్టీకే వేసిన నీకు అది ఎక్కడ తగిలిందో నాకు అర్థమైంది. నాకూ అక్కడే తగిలింది.

అయితే నువ్వు వెళ్లకపోతే ఏమవుతుందనుకుంటున్నావు? నీ సందేశంలో ఒక మాట ఉంది: 'మేము రాకపోతేనే వాళ్లకు తెలిసొస్తుంది' అని. అసలు తకరారంతా ఆ మాట దగ్గరే ఉంది. ఎవరికి తెలిసొస్తుంది, ఎలా తెలిసొస్తుంది?

పార్టీ తరఫున తలుపులు తట్టడానికి వెళ్లినప్పుడు మా చేతికి ఒక జాబితా ఇస్తారు. మన పెన్సిల్వేనియా ఓటర్ల జాబితాను రాష్ట్ర ప్రభుత్వమే 20 డాలర్లకు అమ్ముతుంది. ఎవరికి ఓటు వేశావన్నది అందులో ఉండదు, అది ఎవరికీ తెలియదు. కానీ ఏయే ఎన్నికల్లో ఓటు వేశావో మాత్రం ఉంటుంది. ప్రచారాలు నడిపేవాళ్లు మొదట చూసేది ఆ వరుసనే. వరుసగా రెండు మూడు ఎన్నికల్లో ఖాళీ కనిపించిన ఇంటిని పక్కన పెట్టేస్తారు. ఎందుకు ఖాళీ ఉందో రాసుకునే గడి ఆ జాబితాలో లేదు. సిద్ధాంతం కోసం మానేసినవాడు, బద్ధకంతో మానేసినవాడు, ఆ రోజు ఊళ్లో లేనివాడు అందరూ అక్కడ ఒకేలా కనిపిస్తారు. వాళ్ల తలుపు ఎవరూ తట్టరు, వాళ్ల మాట అడిగేవాళ్లు ఉండరు. డబ్బు, సమయం తక్కువగా ఉన్నప్పుడు ఏ అభ్యర్థి అయినా చేసేది ఇదే. నువ్వు నిరసన అనుకున్నది వాళ్ల లెక్కలో నీ పేరు కొట్టివేత. చెరువు మీద అలిగినవాడి సామెత పూర్తిగా రాయను, నీకు తెలుసు.

ఓడిపోతే పార్టీకి బుద్ధి వస్తుందని కూడా అన్నావు. జార్జియా సంగతి గుర్తుచేస్తాను. 2020 నవంబరులో అక్కడి సెనేట్ పోటీల్లో ఒకదానిలో రిపబ్లికన్ అభ్యర్థి డేవిడ్ పెర్డ్యూ దాదాపు 88 వేల ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడు, కానీ సగానికి కాస్త తక్కువ పడడంతో మళ్లీ పోటీ (రనాఫ్) తప్పలేదు. ఆ రెండు నెలల్లో మనవాళ్లలో కొందరు ఎన్నికే బూటకమని ప్రచారం చేశారు. అలాంటప్పుడు వెళ్లి ఏం లాభమని కొందరు ఇంట్లో ఉండిపోయారు. మన బలమైన గ్రామీణ ప్రాంతాల్లోనే పోలింగు ఎక్కువగా తగ్గింది. 2021 జనవరి 5న పెర్డ్యూ సుమారు 55 వేల ఓట్లతో ఓడాడు. రెండో సీటూ పోయింది. సెనేట్ 50–50 అయి, ఉపాధ్యక్షురాలి ఓటుతో అవతలి పక్షం చేతికి వెళ్లింది. మార్చిలో 1.9 ట్రిలియన్ డాలర్ల ఖర్చు చట్టం 50–49తో నెగ్గింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఇంకో భారీ ఖర్చు చట్టం, ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్, 51–50తో నెగ్గింది. ఖర్చు మీద కోపంతో ఇంట్లో కూర్చున్న వాళ్లెవరైనా ఉంటే వాళ్లకు దక్కింది అదీ. పోనీ, పార్టీ పాఠం నేర్చుకుందా అంటే, ఓటమి తర్వాత ప్రతి వర్గమూ తనకు అనుకూలమైన కారణమే చెప్పింది. రానివాళ్లు ఎందుకు రాలేదో రానివాళ్లు చెప్పలేదు కాబట్టి, వాళ్ల తరఫున మిగతావాళ్లే చెప్పేశారు.

అది జార్జియా, అది సెనేట్, అంటావు. మన రాష్ట్రానికే వద్దాం. ఇక్కడి కథ నాకు మరీ బాధ కలిగించేది, ఎందుకంటే దీన్ని వార్తల్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2022 నవంబరులో రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లోని రాష్ట్ర ప్రతినిధుల సభ ఎవరిదో చాలా రోజులు తేలలేదు. చివరికి రెండు సీట్ల దగ్గర ఆగింది, ఒకటి బక్స్ కౌంటీలో, ఒకటి మాంట్‌గోమరీ కౌంటీలో. రెండింటిలోనూ తేడా 100 ఓట్లకు లోపే. బక్స్‌లో మనవాళ్లు గెలిచారు, మాంట్‌గోమరీలో ఓడారు. పన్నెండేళ్లుగా మన చేతిలో ఉన్న సభ 102–101తో డెమోక్రాట్లకు వెళ్లింది. ఒక హైస్కూలు తరగతుల్లో కూర్చునే పిల్లలకంటే తక్కువ మంది తేల్చిన సంగతి ఇది.

దాని ఫలితం మరుసటి వేసవిలోనే కనిపించింది. బాగా వెనకబడిన బడుల పరిధిలో ఉన్న పిల్లలు ప్రైవేటు బడికి వెళ్లడానికి ఉపకార వేతనాలిచ్చే పథకానికి 100 మిలియన్ డాలర్లు కేటాయిస్తూ రిపబ్లికన్ల చేతిలో ఉన్న రాష్ట్ర సెనేట్ బడ్జెట్ పంపింది. గవర్నరు షపిరో డెమోక్రాట్ అయినా అలాంటి పథకానికి అనుకూలమని ఎన్నికలప్పుడే చెప్పాడు. కానీ ప్రతినిధుల సభలో ఆయన పార్టీవాళ్లు ససేమిరా అన్నారు. ప్రతిష్టంభన తొలగడానికి గవర్నరే ఆ పద్దును వీటో చేస్తానని మాటిచ్చి, 2023 ఆగస్టులో కొట్టేశాడు. బడి ఎంచుకునే హక్కు తల్లిదండ్రులకు ఉండాలని మా ఇంట్లో కూర్చుని నువ్వు ఎంత వాదించావో నాకు గుర్తుంది. ఆ వాదన ఓడింది వాషింగ్టన్‌లో కాదు. మన ఇంటి నుంచి కారులో వెళ్లగలిగినంత దూరంలో, 100కు లోపు ఓట్లతో.

ఇంకొకటి చెప్పి ఈ లెక్కలు ఆపుతాను. 2015లో, అధ్యక్ష ఎన్నిక గానీ కాంగ్రెస్ ఎన్నిక గానీ లేని ఏడాది, రాష్ట్ర సుప్రీంకోర్టులో మూడు స్థానాలకు ఎన్నిక జరిగింది. జడ్జీల ఎన్నికకు ఎవరు వెళతారు! మూడూ డెమోక్రాట్లు గెలుచుకున్నారు, కోర్టు చేతులు మారింది. ఆ కోర్టే 2018లో కాంగ్రెస్ నియోజకవర్గాల పటాన్ని కొట్టేసి కొత్తది గీసింది. రాష్ట్రానికున్న 18 కాంగ్రెస్ సీట్లలో 2016లో 13–5గా మనకున్న ఆధిక్యం 2018 నవంబరుకల్లా 9–9 అయింది. (పాత పటం మనవాళ్లు సిగ్గులేకుండా గీసుకున్నదే, ఆ మాట నీ దగ్గర దాచను.) ఆ ముగ్గురు జడ్జీలూ 2025లో మళ్లీ ప్రజల ముందుకు వచ్చారు, ముగ్గురినీ ఓటర్లు కొనసాగించారు. ఆ రోజు ఓటు వేశావా అని నిన్ను అడగను, అడిగితే ఉత్తరం ఇక్కడే చించేస్తావు.

నీ అంతరాత్మ సంగతికి వస్తాను. ఫలానా అభ్యర్థికి ఓటు వేస్తే అద్దంలో ముఖం చూసుకోలేనన్నావు. అయితే వేయకు. ఆ వరుస ఖాళీగా వదిలెయ్యి, లేదా నీకు నచ్చిన పేరు రాసిరా. ఒక వరుస ఖాళీగా ఉన్నంత మాత్రాన మిగతా బ్యాలెట్ చెల్లకుండా పోదు. ఈ చిన్న సంగతి తెలియక ఎంతమంది చదువుకున్నవాళ్లు ఇంట్లో ఉండిపోతారో! 2016లో మిషిగన్‌లో 75 వేలకు పైగా బ్యాలెట్లలో అధ్యక్ష పదవి గడి ఖాళీగా ఉంది. ఆ రాష్ట్రంలో గెలుపోటముల తేడా 11 వేలకు లోపే. ఆ ఖాళీని రెండు పార్టీలూ చూశాయి, పత్రికలు రాశాయి, ఎందుకంటే అది లెక్కకు అందే ఖాళీ. పోలింగు కేంద్రానికి వచ్చి, కింది పేర్లన్నీ నింపి, పైది వదిలేసినవాడు ఒక మాట చెప్పినట్లే. ఇంట్లో ఉన్నవాడు ఏ మాటా చెప్పినట్లు కాదు.

పైగా మన రాష్ట్రంలో 2019 చట్టంతో ఒకే గీతతో పార్టీ మొత్తానికి ఓటు వేసే పద్ధతి పోయింది. ఇప్పుడు ప్రతి పదవికీ విడిగా నింపాలి. చాలామందికి ఇది విసుగు. నీలాంటివాడికి వరం. గవర్నరు నచ్చలేదా, దాటెయ్యి. శాసనసభకు నిలబడ్డ స్థానిక మనిషి మంచివాడైతే అతని దగ్గర ఆగు. 2024లో ఇదే పెన్సిల్వేనియాలో ట్రంప్ సుమారు లక్షా 20 వేల ఓట్లతో గెలిస్తే, అదే బ్యాలెట్ మీద సెనేట్‌కు మన అభ్యర్థి మెకార్మిక్ గెలిచింది సుమారు 15 వేలతో. దాదాపు 70 లక్షల ఓట్లు పోలైన చోట! పై పేరు దగ్గర ఆగిపోయిన కలాలు ఇంకొన్ని ఉంటే ఆ సీటు దక్కేది కాదు.

ఇక హెచ్‌-1బి, మనవాళ్లమీద ఏడుపు. నాకు తెలిసి పార్టీలో దీనిమీద పోరు నడుస్తోంది. నైపుణ్యంతో వచ్చే వలసలు దేశానికి బలమనే వర్గం ఒకటి, తలుపులు పూర్తిగా మూసేయాలనే వర్గం ఒకటి. రెండోవాళ్లు ప్రతి ఎన్నికకూ వస్తారు, వర్షం పడినా వస్తారు, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీకి మరీ వస్తారు. మనం అలిగి తప్పుకుంటే వాళ్లకంటే సంతోషించేవాళ్లు లేరు. నీ కోపానికి సరైన చోటు ప్రైమరీ. మన రాష్ట్రంలో ప్రైమరీలో రిపబ్లికన్ అభ్యర్థిని ఎంచుకోవాలంటే రిపబ్లికన్‌గా నమోదై ఉండాలి. స్వతంత్రుడిగా మార్చుకుంటానని అన్నావు చూడు, ఆ పని చేస్తే నీకు మిగిలేది నవంబరు మాత్రమే, అప్పటికి పేర్లు ఇంకెవరో ఖరారు చేసేసి ఉంటారు. మార్చుకోకు. మే నెల ప్రైమరీ ఎలాగూ పోయింది, దాని గురించి ఇప్పుడు వాదించి లాభం లేదు. తర్వాతి ప్రైమరీకి ఇద్దరం కలిసి ఒక అభ్యర్థి కోసం పనిచేద్దాం. గెలిచినా ఓడినా, వంద తలుపులు తట్టించగల మనిషి ఫోను చేస్తే ఏ శాసనసభ్యుడైనా ఎత్తుతాడు.

కొన్ని పనులు మాత్రం వెంటనే చూసుకో. ఇల్లు మారావు కదా, కొత్త చిరునామాతో నమోదు మార్చుకున్నావా? అక్టోబరు 19 ఆఖరు తేదీ. కొత్త కేంద్రంలో మొదటిసారి ఓటు వేస్తే గుర్తింపు కార్డు చూపమంటారు, డ్రైవింగ్ లైసెన్సు జేబులో పెట్టుకో. నవంబరు 3న పోలింగు ఉదయం 7 నుంచి రాత్రి 8 వరకు. 8 గంటలకు వరుసలో ఉంటే చాలు, ఎంత ఆలస్యమైనా ఓటు వేయనిస్తారు, ఎవరైనా పొమ్మంటే కదలకు.

ఆఫీసు పని మీద ఆ వారం ఊళ్లో ఉండనంటే పోస్టులో బ్యాలెట్ తెప్పించుకో. దరఖాస్తు అక్టోబరు 27 సాయంత్రం 5 గంటలలోపు కౌంటీకి చేరాలి. మనవాళ్లలో చాలామందికి పోస్టు బ్యాలెట్ అంటే అనుమానం. ఉండనీ, కానీ ఆ అనుమానంతోనే ఓటు పోగొట్టుకోవడం నాకు మింగుడుపడదు. బ్యాలెట్‌ను లోపలి కవరులో పెట్టి, దాన్ని బయటి కవరులో పెట్టి, సంతకం, తేదీ వెయ్యి. పోలింగు రోజు రాత్రి 8లోపు కౌంటీ కార్యాలయానికి చేరి ఉండాలి, ఆ రోజు పోస్టులో వేసినట్లు ముద్ర ఉంటే సరిపోదు. తెప్పించుకున్నాక మనసు మారి కేంద్రానికే వెళ్లాలనిపిస్తే, కవర్లతో సహా మొత్తం పట్టుకెళ్లి అక్కడ అప్పగించాలి. లేకపోతే ప్రొవిజనల్ (తాత్కాలిక) బ్యాలెట్ ఇస్తారు, దాన్ని లెక్కించేముందు నువ్వు రెండుసార్లు వేయలేదని చూసుకుంటారు.

నమూనా బ్యాలెట్‌ను కౌంటీవాళ్లు ముందే పెడతారు. అది తీసుకుని కూర్చో, పై పేరు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కింద నుంచి చదవడం మొదలుపెట్టు. మీ శాసనసభ సీటుకు పోటీచేస్తున్న ఇద్దరి గురించి నాకు కొంత తెలుసు, మనవాడిమీద నాకు పెద్ద గౌరవం లేదని ముందే చెబుతున్నాను. ఆదివారం సాయంత్రం ఫోను చెయ్యి, మాట్లాడుకుందాం. మీ అమ్మ నిద్రపోయాక అయితే మరీ మంచిది.

మామయ్య