మీకు బాగా నచ్చిన మేకప్ ఆర్టిస్టు ఎవరు? ఎందుకు?

నాకు లీసా ఎల్డ్రిడ్జ్. బ్రిటన్‌లో ఉంటారు. పెద్ద పెద్ద నటీమణులకు మేకప్ చేస్తూనే, ఆ పనితనమంతా యూట్యూబ్‌లో ఉచితంగా నేర్పుతారు. 2015లో లాంకోమ్ అనే ఫ్రెంచ్ మేకప్ కంపెనీకి మేకప్ క్రియేటివ్ డైరెక్టర్ అయ్యారు. 2018లో తన సొంత పేరుతో మఖ్మల్ గుడ్డలా కనిపించే లిప్‌స్టిక్‌లు తెచ్చారు.

నేను ఆవిడ వీడియోల దాకా వెళ్లింది ఒక చేదు అనుభవం వల్ల. నాది చామనఛాయ. మా అక్క పెళ్లికి ఇక్కడే వైజాగ్‌లో ఒక పార్లర్‌కి వెళ్తే, నా రంగు కంటే రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ మందంగా పట్టించారు. "ఫొటోల్లో బ్రైట్‌గా వస్తారమ్మా" అన్నారు. మే నెల ఉక్కపోత మీకు తెలిసిందే, ఇక్కడ చెమట పట్టడమే గానీ ఆరడం ఉండదు. హోమం దగ్గర గంట కూర్చునేసరికి ముక్కు పక్కన చారలు కట్టింది. ఫొటోల్లో ముఖం బూడిద రంగు, మెడ ఇంకో రంగు. ఆ ఆల్బమ్ చాలాకాలం తెరవలేదు.

తర్వాత మొటిమల మచ్చల కోసం వెతుకుతుంటే ఆవిడ వీడియో దొరికింది. ఏ మేకప్ లేని ముఖంతో కెమెరా ముందు కూర్చుని మొదలుపెడతారు. ఆవిడ పద్ధతి ఇది: ఫౌండేషన్ పల్చగా, అవసరమైన చోటే. మచ్చ మీద మాత్రం, చర్మం రంగుకి సరిగ్గా కలిసే చిక్కటి కన్సీలర్‌ని సన్నటి బ్రష్‌తో చుక్కలా పెట్టాలి. మధ్యలో కదపకుండా అంచులు మాత్రమే కలపాలి. ఆ చోటే కాస్త పౌడర్ అద్దాలి. మిగతా చర్మం చర్మంలాగే ఉంటుంది. తర్వాత ఈ పనికోసమే పెన్సిల్ లాంటి కన్సీలర్లు కూడా చేశారు. నేను అవి కొనలేదు. జగదాంబ దగ్గర కొన్న మామూలు కన్సీలర్, ఒక సన్నటి ఐలైనర్ బ్రష్ నాకు సరిపోయాయి.

మచ్చ కనపడకూడదని ముఖమంతా దాచేయడమే మేకప్ అనుకునేదాన్ని. నా రంగుని తప్పులా చూడడం మానేసింది ఆవిడ దగ్గరే.

కంటి కింద నలుపుకి మాత్రం అమెరికాలో ఉండే యూట్యూబర్ దీపికా ముత్యాల చిట్కా వాడతాను. 2015లో ఆమె కన్సీలర్ కింద ఎర్ర లిప్‌స్టిక్ రాసి చూపించిన వీడియో అప్పట్లో చాలామంది చూశారు. ఎరుపు, నారింజ రంగులు ఆ నలుపులో ఉండే నీలి ఛాయని కొట్టేస్తాయి. మన రంగు వాళ్లకి ఇది బాగా పనిచేస్తుంది, కాకపోతే చాలా కొద్దిగా రాయాలి.

పోయినేడాది సింహాచలంలో పిన్ని కూతురి పెళ్లి. రాత్రి ముహూర్తం. నేనే మేకప్ చేశాను, చేతులు వణికాయి. షేడ్‌ని చేతి మీద కాకుండా దవడ దగ్గర, పగటి వెలుగులో ముందే చూసి పెట్టుకున్నాం. చెమట పడితే రుద్దకుండా టిష్యూతో అద్దమని చెప్పాను. అప్పగింతలప్పుడు ఏడ్చి కంటి కింద కొంచెం చెదిరింది, రెండు నిమిషాల్లో సరిచేశాను. పిన్ని దాని గడ్డం పట్టుకుని చూసి, "నా పిల్ల నా పిల్లలాగే ఉందే" అంది.