లింక్ అప్ అంటోంది, పింగ్ పోవట్లేదు: ఫై-మోడ్ ఏది పెట్టాలి?

డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏది ఎక్కడ కలిసిందో లినక్స్‌కి చెప్పే ఫైలు) స్విచ్ చిప్‌ని ప్రాసెసర్‌కి కలిపే సీపీయూ పోర్టుకి ఫై-మోడ్ ఆర్‌జీఎంఐఐ పెట్టాలా, ఆర్‌జీఎంఐఐ-ఐడీ పెట్టాలా, లింక్ అప్ అంటోంది కానీ పింగ్ పోవట్లేదు అని అడిగారు కదండీ. ఫై-మోడ్ అంటే ఆ రెండు చిప్‌లూ మాట్లాడుకునే పద్ధతి. ఆర్‌జీఎంఐఐలో డేటా, క్లాక్ వేర్వేరు తీగల్లో వెళ్తాయి; ఐడీ అంటే ఇంటర్నల్ డిలే, క్లాక్‌ని చిప్ లోపలే కాస్త ఆలస్యం చేయడం. ముందు ఆ లింక్ అప్‌ని నమ్మకండి. ఫిక్స్‌డ్-లింక్ అని, అంటే లింక్ ఎప్పుడూ ఉన్నట్టే అనుకోమని, మీరే రాశాక అది అప్ అనక ఏమంటుంది?

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర మా బాబాయి రొయ్యల చెరువు గట్టు మీద నాకూ ఇదే అయింది. ఆక్సిజన్ సెన్సర్లనీ, రెండు కెమెరాలనీ కలిపే డబ్బా అది. ఏరియేటర్ల మోటార్ షెడ్డులో మేత బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. పింగ్ వంద కొడితే మూడో నాలుగో తిరిగొస్తున్నాయి. నెట్‌వర్క్ పోర్టు లెక్కలు చూపించే ఈథ్‌టూల్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల లెక్క, కరెంటు మీటరులా తిరుగుతున్నాయి. విసుగొచ్చి రెండు వైపులా స్పీడు 1000 మెగాబిట్లు (గిగాబిట్) తీసి 100 పెట్టాను. పింగ్‌లన్నీ తిరిగొచ్చాయి! అప్పుడు వెలిగింది.

గిగాబిట్‌లో క్లాక్ 125 మెగాహెర్ట్జ్, అంటే 8 నానోసెకన్లకో చుట్టు. క్లాక్ ఎక్కే, దిగే రెండు అంచుల మీదా అవతలి చిప్ డేటా చదువుతుంది, ఒక్కోదానికి 4. క్లాక్‌ని ఓ 2 వెనక్కి జరిపితే అంచు డేటా నడిమధ్యన పడుతుంది. నేనేమో ప్రాసెసర్ వైపు ఐడీ పెట్టి, స్విచ్ వైపు కూడా ఇంటర్నల్ డిలే 2000 పికోసెకన్లు, అంటే ఇంకో 2 నానోసెకన్లు, రాసేశాను. రెండూ కలిసి 4. అంచు సరిగ్గా డేటా మారే చోటే పడింది. 100లో చుట్టు 40 కాబట్టి ఆ తేడా దానికి ఆనలేదు. ప్రాసెసర్ వైపు డిలే తీసేశాను, ఎర్రర్లు ఆగాయి.

రాసేశాను అన్నాను గానీ, నిజానికి చిప్‌వాళ్ల నమూనా ఫైలులోంచి ఎత్తేశాను. వాళ్ల బోర్డు వేరు, నాది వేరు. ఈ కాపీ జబ్బు మనకి ఎప్పుడు పోతుందో! ఆర్‌జీఎంఐఐలో ఉన్న నాలుగు మోడ్‌లూ మార్చి చూసి పింగ్ వచ్చినది ఉంచేయమనే మహానుభావులు ఇంకొందరు. ఏసీ గదిలో వచ్చిన పింగ్ మే నెలలో రేకుల షెడ్డులో వస్తుందా? స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ బొమ్మ) తీయండి. బోర్డు తీగల్లోనే ఆలస్యం ఇచ్చారేమో చూడండి. ఇవ్వకపోతే రెండు వైపుల్లో ఒక్కరే ఇవ్వాలి. డ్రైవర్ కోడ్ కూడా చూసుకోండి, ఒక్కోదానిది ఒక్కో దారి.

అంతా విని బాబాయి, "వందలో పనిచేసింది కదరా, అదే ఉంచేస్తే పోయేదిగా?" అన్నాడు. రెండు కెమెరాలకి వంద చాలని నాకూ తెలుసండీ.